ఆపిన మెయిల్

సిద్దిపేటకు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, సోషియాలజీ అధ్యాపకుల ఈమెయిల్ చర్చా బృందానికి నేను మోడరేటర్ని. ఎవరు రాసినా నేను చదివి పంపితేనే అందరికీ చేరేది. దుబ్బాక నేతన్నలు మహారాష్ట్రలోని భివండీకి వలసపోవడంపై వాదన ముదిరి, హైదరాబాదు ప్రొఫెసర్ ఒకాయన బృందంలోనే ఉన్న తన పాత మిత్రుణ్ని నానా మాటలూ అంటూ రాశారు. నేను దాన్ని ఆపేసి, ఆపానని ఆయనకు రాశాను.

మర్నాడు నేను మెయిల్స్ చూసుకునే ఇంటర్నెట్ షాపుకు ఆయన ఫోన్ చేశారు.

"మీకే సార్. గరం మీదున్నట్టున్నరు," అంటూ షాపాయన రిసీవర్ ఇచ్చాడు. తిట్లకు సిద్ధపడ్డాను.

"గా మెయిల్ ఇంకా ఎవ్వరికీ పోలేదు గదా?" అన్నారు ప్రొఫెసర్.

"పోలేదు సార్."

"బతికించినవ్ తమ్మీ. పోతే వాడు నాతోని మళ్ల మాట్లాడకపోయెటోడు."

తర్వాత ఆయన మర్యాదగా రాశారు, మిత్రుడు జవాబిచ్చారు. జీతంలేని ఆ పనిని నేను ఇష్టంగా కొనసాగించింది ఆయన ఆనాడన్న మాట వల్లే. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.