బదరీ బావ రేడియం వాచీ

మా బావ బదరీనారాయణ ఎవరి చేతికైనా ఖరీదైన వాచీ కనిపిస్తే టైమెంతని అడగడు. "ఇది చీకట్లో ఎట్ల మెరుస్తాది?" అని అడుగుతాడు. అడిగి ఊరుకునే మనిషైతే నేనింత రాయాల్సిన పనే లేదు. ఆ వాచీని, దాంతోపాటు దాన్ని కట్టుకున్న మనిషిని కూడా ఉన్నపళాన చీకట్లోకి లాక్కుపోతాడు. పట్టపగలు రాయదుర్గంలో చీకటి ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఆయన తన చీకటిని తనే భుజాన వేసుకుని తిరిగేవాడు. గొర్రెబొచ్చుతో నేసిన నల్ల కంబళి. మే నెల ఎండల్లో కూడా అది భుజం దిగేది కాదు.

"ఒక్క నిమిషం లోపలికి రాప్పా" అని మా బావ అన్నాడంటే ఇంట్లోకి రమ్మని కాదు, కంబళి కిందికి రమ్మని.

ఆయన మా అక్క ఈశ్వరమ్మ భర్త. జీన్సు ప్యాంట్లు కుట్టించే వ్యాపారం. ముందు దుకాణం, వెనక వరసగా కుట్టు మిషన్లు. ఆ పక్కనే నాది జిప్పులు, గుండీల అంగడి. కాబట్టి ఆయన ఘనకార్యాలన్నిటికీ మొదటి సాక్షిని, చాలాసార్లు మొదటి బాధితుణ్ణి కూడా నేనే.

ఈ పిచ్చి తొంభై తొమ్మిదిలో మొదలైంది. గుడ్డ కొనడానికి బొంబాయి వెళ్ళిన మనిషి, అక్కకు తెస్తానన్న గాజులు మరిచిపోయి, చేతికి ఒక స్విస్ వాచీ తగిలించుకుని దిగాడు. సముద్రం అడుగున పనిచేసేవాళ్ళు కట్టుకునే రకం.

"రెండు వందల మీటర్ల లోతు నీళ్ళల్లో మునిగినా దీనికేం కాదు" అన్నాడు గర్వంగా.

"మన జిల్లాలో ఆరు వందల అడుగులు బోరేసినా మన్ను తడి కాదు. ఇది మునగాలంటే యాడికి పోవాల?" అంది అక్క.

"మునిగేదానికి కాదే! చీకట్లో చూడు దీన్ని!"

ఆయన అదృష్టం, అప్పుడే కరెంటు పోయింది. కరెంటు పోతే ఊరంతా "పాయె" అంటుంది. ఆ సాయంత్రం నుంచి మా బావ ఒక్కడే "వచ్చె!" అని ఎగిరి గంతేసేవాడు. నిజం చెప్పాలి, వాచీ అందంగానే వెలిగింది. చుక్కలూ ముళ్ళూ ఆ నల్లటి గదిలో పచ్చగా, చల్లగా, కోనేట్లో దీపాలు వదిలినట్టు తేలాయి. అక్క గాజుల సంగతి మరిచిపోయి కాసేపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత గుర్తొచ్చింది, అది వేరే కథ.

ఆ వెలుగును మేమందరం రేడియం అనేవాళ్ళం. ఆయన సరిదిద్దేవాడు. "రేడియం మా నాయన గడియారంలో ఉండె. అది తనంతట తానే వెలిగి, ఏండ్లు గడిచేకొద్దీ ముసిల్ది అయిపోతాది. ఇది వేరే మందు. దీనికి ఎండ మేపాల. తిన్నంత తిని, చీకట్లో నెమరేస్తాది." ఇంత చెప్పి మళ్ళీ తనే రేడియం అనేవాడు.

మేపడమంటే మాటవరసకు కాదు. కాపరులు గొర్రెల్ని తోలుకుపోతుంటే, వాళ్ళ పక్కన మా బావ ఎడమచెయ్యి ఆకాశానికి చాపి నడిచేవాడు.

"ఏం సావుకారీ, చేతికేమన్నా నొప్పా?"

"లేదప్పా. నేనూ మేపుతాండా."

"మేత బాగుండాదా?"

"మన సీమలో దీనికి కరువేముండాది!"

మా పెద్దనాన్న మనవరాలు హరిత పెళ్ళిలో ఆయన చేసిన పని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళికొడుకు అభిలాష్ బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు, చేతికి మంచి వాచీ. తలంబ్రాలు అవుతూనే మా బావ మండపం ఎక్కాడు. అందరూ అక్షింతలు వేయడానికనుకున్నారు. మరుక్షణం పెళ్ళికొడుకు కంబళిలో మాయమయ్యాడు.

"శెట్టీ, ఇంకా తంతు ఉండాది!" అని పురోహితుడు కేకేశాడు.

"కండ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగాల స్వామీ!" అని కంబళి జవాబిచ్చింది.

హరిత ఊరుకోలేదు. "మామా, నా మొగుణ్ణి నేనే ఇంకా సరిగ్గా చూడల్యా, నువ్వు దాచిపెడ్తివి" అని పట్టుచీరతోనే తనూ కంబళి కిందికి దూరింది. లోపలి నుంచి ముగ్గురి నవ్వులూ వినిపించాయి. బయటికొచ్చి మా బావ తీర్పు చెప్పాడు. "పాసు! ముళ్ళు బాగుండాయి, చుక్కలే కొంచెం మసక. పిల్లోడు మంచోడు."

ఆయన తీర్పులో మొహమాటం ఉండేది కాదు. గుమ్మఘట్ట వైపు భూస్వామి, నాలుగూళ్ళ రాజకీయం నడిపే బయ్యన్న ఒకసారి దుబాయి నుంచి తెప్పించిన బంగారు రంగు వాచీతో దుకాణానికి వచ్చాడు. వెంట పదిమంది మనుషులు. ఖద్దరు చొక్కా నలుగుతుందని గొణుగుతూనే కంబళి కిందికి వెళ్ళాడు.

"ఏం శెట్టీ, ఏమీ కనపడల్యా, ఊపిరాడల్యా."

"ఇంగ కొంచెం ఓపిక పట్టన్నా."

నేను కంబళి అంచు దగ్గర వంగి, "బావా, పెద్దమనిషి. పాసు అనెయ్" అని గుసగుసలాడాను.

"రేడియం విషయంలో అబద్ధం చెప్పలేనప్పా. కావాలంటే ప్యాంటు గుడ్డ విషయంలో చెప్తా" అన్నాడు. కంబళి ఎత్తి, వీధికంతా వినపడేలా "ఫెయిలు!" అన్నాడు. "పొయ్యిలో ఆరిన బొగ్గే దీనికంటే మేలన్నా."

బయ్యన్న చాలాకాలం మా వీధి తొక్కలేదు. ఎక్కడ కనిపించినా వాచీ ఉన్న చెయ్యి వెనక్కు పెట్టుకునేవాడు.

అంత కోపం పెట్టుకున్న మనిషి ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. తన మనుషులకు ప్యాంట్లు కుట్టించాలి, ఊళ్ళో బావ దగ్గర తప్ప అంత గట్టి కుట్టు దొరకదు. కొలతలు ఇప్పించి, పాత కసి తీర్చుకోవడానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా వాచీ ఫెయిలంటివి. సరే. నీది పాసని ఎవురు చెప్పిరి? నీ పెండ్లాం, నీ బామ్మర్ది! ఆ సాక్ష్యం చెల్లదు. బయటి మనిషి చెప్పాల."

సరిగ్గా అప్పుడే వీరప్ప గుడ్డల మూట ఎత్తుకుని లోపలికి వచ్చాడు. వీరప్పది అద్దె జీపు. పల్లెల్లో ఆడవాళ్ళు కుట్టిన ప్యాంట్లు మాకు తెచ్చి ఇచ్చేవాడు, పొద్దుగూకాక జనాన్ని ఎక్కించుకుని గుమ్మఘట్టకు తిరిగి వెళ్ళేవాడు. ఎవరి పక్షమూ కాని మనిషి.

"ఇదో, ఇతను చెప్పనీ" అన్నాడు బయ్యన్న.

మా బావ వాచీని గుమ్మంలో బాగా ఎండ మేపి, వీరప్పను కంబళి కిందికి తీసుకున్నాడు. మిషన్ల మీది ఆడవాళ్ళు కూడా లేచి వచ్చారు. లోపలి మాటలు మాకు వినిపిస్తున్నాయి.

"చూడప్పా వీరప్పా, ఎన్ని చుక్కలు?"

"ఏం చుక్కలు సావుకారీ?"

"తొందర పడొద్దు. కండ్లు కుదురుకోనీ... ఊఁ, ఇప్పుడు?"

"ఏమీ ల్యా."

బయ్యన్న తొడ చరిచాడు. కంబళి కింద చాలాసేపు ఏదో గుసగుస నడిచింది, మాకు మాటలు అందలేదు. తర్వాత కంబళి లేచింది. వీరప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా బావ ముఖమంతా చెమట. ఆయన వీరప్ప వంక చూశాడు, వాచీ వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఫెయిలన్నా" అన్నాడు. "రేడియం పాయె. వీరప్ప చెప్పింది నిజం."

మా అక్క వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. బయ్యన్న మాత్రం ఎన్నికల్లో గెలిచినట్టు లేచి నిలబడి, జిలేబీ తెప్పించి వీధంతా పంచాడు. మా బావకు రెండు ఎక్కువే పెట్టాడు. బావ తలవంచుకుని రెండూ తిన్నాడు.

మర్నాడు "వాచీ రిపేరుకు" అని బెంగళూరు బస్సెక్కాడు. నన్ను రమ్మన్నాడు. పక్కన వీరప్ప.

"ఈయనెందుకు బావా?"

"చెడిపోయింది చూసిన సాక్షి కదప్పా. రిపేరోళ్ళు అడుగుతారు."

బెంగళూరులో వాచీల దుకాణాలు వరసగా వస్తున్నాయి, ఆయన ఒక్కదాని వైపూ తల తిప్పలేదు. ఆటో నేరుగా ఒక కంటి ఆసుపత్రి ముందు ఆగింది. అక్కడ బల్ల మీద కూర్చున్నాక వీరప్ప నాతో చెప్పాడు.

"సాయన్నా, పొద్దుగూకితే నాకు దోవ కనపడదు. ముందుపోయే లారీ దీపం పట్టుకుని తోలుతాండా. చెప్తే నా జీపు ఎవురెక్కుతారు? నిన్న కంబళి కింద సావుకారు కనిపెట్టినాడు. వాచీ పచ్చగా వెలుగుతాండాదని ఆయన, ఏమీ లేదని నేను. బయట ఎవురికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకుంటి."

ఆ జీపులో రోజూ ఎంతమంది ఎక్కేవాళ్ళో నాకు తెలుసు. మా బావ వంక చూశాను.

"చెప్పనని మాటిచ్చినా, ఒగ షరతు మీద" అన్నాడు. "నయమయ్యేదాకా పొద్దుగూకినాక స్టీరింగు ముట్టకూడదు. ముడితే నేనే ఊరంతా చాటింపేస్తా."

"అది సరే బావా, ఊరి ముందర నీ వాచీ పరువు పోయె కదా!"

"వాచీకి పెండ్లాం బిడ్డల్లేరు లేప్పా. ఒగ మాట పడినా ఏం కాదు."

డాక్టర్ ఇంద్రాణి పరీక్షలు చేసి రేచీకటి అని తేల్చింది. ఏడాదిగా వీరప్పకు కడుపు జబ్బు, తిన్నది ఒంటబట్టక 'ఎ' విటమిన్ తగ్గిపోయిందట. మందులు, మంచి తిండి పడితే నయమవుతుందని ఆమె అనేంత వరకూ మా బావ బుద్ధిగా చేతులు కట్టుకుని విన్నాడు. ఆ మాట వినగానే ఆయన చూపు ఆమె ముంజేతి మీదికి జారింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"డాక్టరమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఆ వాచీ... ఒక్క నిమిషం..."

ఆమె వాచీ పాసైంది.

అప్పటి నుంచి మా దుకాణంలో కొత్త రూలు వచ్చింది. కుట్టిన బట్టలు ఎండ ఉండగానే రావాలి. దీపాల వెలుగులో నీలం రంగు తేడా తనకు తెలియడం లేదని మా బావ అందరికీ చెప్పుకున్నాడు. "వాచీ పాయె, ఇప్పుడు కండ్లు గూడా పోతాండాయి శెట్టికి" అని జనం జాలిపడ్డారు. వీరప్ప పగలు మాత్రమే జీపు తోలాడు. అతని కోసం అక్క మునగాకు, క్యారెట్టు, పాలు పంపేది. కొన్ని నెలలకు వీరప్ప ఒకరోజు పరుగున వచ్చి, తనే కంబళి లాక్కుని కప్పుకుని, లోపలి నుంచి అరిచాడు.

"కనపడ్తాండాయి సావుకారీ! చుక్కలన్నీ! చిన్నముల్లు గూడా!"

బయటికొచ్చి, "ఊరికంతా చెప్తా. మీ వాచీ తప్పేమీ ల్యాదని చెప్తా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"నోరు మూసుకోప్పా! తర్వాత వచ్చేవాళ్ళు నా కంబళి కిందికి రారు" అని మా బావ కసిరాడు.

ఆ 'తర్వాత వచ్చేవాళ్ళు' ఎవరో నాకు మెల్లగా తెలిసింది. ఆయన ఇప్పుడు తన వాచీనే చూడమని జనాన్ని కంబళి కిందికి పిలిచి, ఎన్ని చుక్కలని అడుగుతున్నాడు. లెక్క సరిగ్గా వస్తే వాచీ పాసు. రాకపోతే ఆయనే బయటికొచ్చి, "మళ్ళీ చెడిపోయింది దరిద్రపు వాచీ" అంటాడు. అటు తర్వాత కుట్టుపని చేసే లక్ష్మక్కతోనో, బస్టాండులో కాయలమ్మే ఆంజినమ్మతోనో రిపేరుకు బెంగళూరు బస్సు. ఊళ్ళో అందరికంటే గొప్ప వాచీకి ఊళ్ళో అందరికంటే చెడ్డపేరు వచ్చింది. "స్విస్సోళ్ళు మోసం చేసిరి పాపం" అనేవాళ్ళు.

ఎక్కువగా నవ్వేది బయ్యన్నే. దుకాణానికి వచ్చినప్పుడల్లా, "ఏం శెట్టీ, వెలుగుతాండాదా నీ డబ్బా?" అనేవాడు. మొన్నొకసారి తనంతట తానే కంబళి కిందికి దూరాడు, కావాలని ఎగతాళి చేయడానికి. ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. మా బావ బయటికొచ్చి "ఫెయిలు" అన్నాడు. ఈసారి బయ్యన్న తొడ చరచలేదు. ధోవతి సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను అంగడి తెరుస్తుంటే ఇద్దరూ బస్టాండు వైపు నడుస్తున్నారు. వెంట మనుషులు లేరు. బయ్యన్న చేతిలో చిన్న బ్యాగు. నన్ను చూసి ఆగి, గొంతు బాగా పెంచి చెప్పాడు.

"ఏమప్పా సాయీ! మీ బావ వాచీ మళ్ళీ చెడిపోయిందంట. పాపం ఒక్కడే ఎట్ల పోతాడని, తోడు పోతాండా."