లేని చేతికి బిగిసిన వాచీ

2022వ సంవత్సరం. దమ్మపేట బస్టాండు పక్క సందులో నా వాచీల దుకాణం. అప్పటికే మా పని చాలావరకు బ్యాటరీ సెల్లు మార్చడానికీ, తెగిన పట్టీ తీసి కొత్తది వేయడానికీ కుంచించుకుపోయింది. టైము చూసుకోవడానికి అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. ఇక వాచీ పెట్టుకునేవాళ్లలో చాలామంది పెళ్లిలో ఎవరో పెట్టారు కదా అని పెట్టుకునేవాళ్లే. వాచీ అంటే ప్రాణమిచ్చేవాళ్లు మా వైపు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో మొదట చెప్పుకోవలసినవాడు మరియదాసు.

దాసుది అడవి అంచున చిన్న ఊరు. కొంత పామాయిల్ తోట, కొంత మొక్కజొన్న. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక భార్య రోజమ్మను సంతలో దింపి నేరుగా నా దగ్గరికి వచ్చేవాడు. వాచీ చేతికిస్తే మొదట డయలు చూసేవాడు కాదు, చెవి దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత అరచేతిలో వేసుకుని బరువు చూసేవాడు. ఆఖరున ఎడమ చేతికి పెట్టుకుని, చొక్కా చెయ్యి మీదికి లాగి, మళ్లీ మెల్లగా పైకి జరిపి చూసుకునేవాడు. పొత్తిళ్లలో పసిబిడ్డ ముఖం చూసినట్టుండేది.

"బ్యాటరీది నాకొద్దన్నా," అనేవాడు. "దానికి నాతోని పనే లేదు. కీ ఇచ్చేదైతే పొద్దుగాల దాన్ని నేను లేపాలె. నన్ను అది లేపాలె."

చర్చికి తెల్ల డయలు, చావుకు పోతే నల్ల పట్టీ, బంధువుల ఇంటికి బంగారు రంగు. అతని దగ్గరున్నవేవీ ఖరీదైనవి కావు. కానీ ఏ రోజు ఏది పెట్టుకోవాలో ముందు రాత్రే అనుకుని పడుకునేవాడు.

ఆ ఏడాదే నా దగ్గరికి ఒక ఆటోమేటిక్ వాచీ వచ్చింది. ఆటోమేటిక్ అంటే, మనం చెయ్యి కదిలిస్తే లోపల అర్ధచంద్రం లాంటి చిన్న బరువు తిరిగి, తనకు తానే కీ ఎక్కించుకుంటుంది. నీలం డయలు, స్టీల్ చైను. దాసు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తన దగ్గరున్న రెండు వాచీలు నాకిచ్చేసి దాన్ని తీసుకున్నాడు.

చైనులో ఒక్కో ముక్కను లింకు అంటాం. మణికట్టుకీ చైనుకీ మధ్య చిటికెనవేలు దూరేంత సందు ఉంచి, మిగిలిన లింకులు తీసేస్తాం. దాసు ఆ సందు ఉంచనివ్వలేదు.

"ఇంకోటి తియ్యన్నా."

"చెమట పడితే ఒరుస్తది దాసూ. అచ్చు పడతది."

"పడనీ. చేతికి ఉన్నదన్న ఎరుక ఉండాలె గదా."

తీశాను. ఎవరి మణికట్టు వాళ్ల ఇష్టం. ఆ రోజు నుంచి పొలంలోనూ, ఇంట్లోనూ అతని చేతికి అదే. మిగిలినవన్నీ బీరువాలో ఉండిపోయాయి.

మరుసటి యాసంగి పంటకు మొక్కజొన్న నూర్చే మిషను బెల్టు దాసు ఎడమ చెయ్యిని లాగేసుకుంది. ఖమ్మం దవాఖానాలో మోచేతికి కొంచెం కింద తీసేశారు. వాచీ చైను బెల్టులో పడిందని రోజమ్మ అంటుంది. కాదు, చొక్కా చెయ్యి పడిందని దాసు అంటాడు. అక్కడున్న కూలీలు తలా ఒక రకంగా చెప్పారు. నిజమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఊళ్లో మాత్రం "వాచి చేతిని తిన్నది" అనే మాట నిలిచిపోయింది. నేను చూడ్డానికి వెళ్తే దాసు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వానలు వెనకబట్టాక ఒకరోజు భార్యాభర్తలిద్దరూ దుకాణానికి వచ్చారు. ఖాళీ చొక్కా చెయ్యిని మడిచి పిన్నీసు పెట్టింది రోజమ్మ. దాసు బాగా చిక్కిపోయాడు. కళ్లకింద నలుపు. స్టూలు మీద కూర్చుని, మొండి చేతిని గాజు బల్ల మీద ఆనించాడు.

"అన్నా, వాచి బిగుసుకుంది. జర వదులు చెయ్యి."

నాకర్థం కాలేదు. కుడిచేతికేసి చూశాను. అక్కడ ఏమీ లేదు.

"గా చెయ్యి కాదన్నా. ఇది." మొండి చేతి ముందున్న ఖాళీ జాగాను చూపించాడు. "ఈడ, ఎముక మీద. చైను కోస్తుంది. రాత్రంతా నిద్ర లేదు."

రోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చూసినవా అన్నా. లేని చేతికి వాచేంది? ఎవరన్నా వింటే పిచ్చోడంటరు."

ఖమ్మం డాక్టరు మాత్రం పిచ్చి కాదన్నాడట. చెయ్యి పోయినా నరాలకు ఆ సంగతి తెలియదట. పోయే క్షణంలో ఉన్న నొప్పే కొందరికి అక్కడ నిలిచిపోతుందట. మందులిచ్చాడు. అవి వేసుకుంటే మగతే తప్ప నొప్పి పోవడం లేదు.

దాసు జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. దవాఖానా వాళ్లు తిరిగి ఇచ్చిన వాచీ. గాజు లేదు, డయలు వంగిపోయింది, ముళ్లు ఎక్కడ పడ్డాయో. చైను మాత్రం గట్టిగానే ఉంది.

"నువ్వు తీసిన లింకు మళ్లీ పెట్టు," అన్నాడు. "దీన్ని వదులు చేస్తే అది వదులైతదేమో."

భూతద్దం లాంటి ఐగ్లాసు కంటికి పెట్టుకుని పనిలో దిగాను. పాత లింకు నా డబ్బాలోనే ఉంది. పిన్ను దిగ్గొట్టి, చైను సాగదీసి అతనికి చూపించాను. దాసు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చాడు. ముఖంలో బిగువు సడలింది.

"వదులైంది," అన్నాడు. "రోజా, నిజం, వదులైంది."

ఆ వారం అతను నిద్రపోయాడు. ఆదివారం నవ్వుతూ వచ్చి, కుడిచేతికి ఒక వాచీ చూపించమన్నాడు. నాకు పండగలా అనిపించింది. ఒంటిచేత్తో పట్టీ పెట్టుకోలేడు కాబట్టి, సాగే స్ప్రింగ్ చైను వేసి ఇచ్చాను. మోకాళ్ల మధ్య వాచీని ఇరికించి, అందులోకి చెయ్యి దూర్చడం నేర్చుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చెయ్యి ఎత్తి చూసుకున్నాడు.

ఎక్కువ రోజులు సాగలేదు. "రెండు చేతుల్లో రెండు కొట్టుకుంటున్నయన్నా, తట్టుకోలేకపోతున్న," అని దాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఎడమవైపు చైను మళ్లీ బిగిసింది. ఇంకో లింకు పెట్టమన్నాడు. పెట్టాను. ఒక పూట తెరిపి. మళ్లీ ఇంకోటి. పెట్టిన ప్రతిసారీ తెరిపి తగ్గుతూ వచ్చింది. చివరికి ఆ చైను తొడకు చుట్టుకునేంత పొడవైంది.

"కోసెయ్యన్నా," అన్నాడు ఒకరోజు. "ఇక దీనితోని కాదు."

కట్టరు తీసుకుని అతని కళ్లముందే చైనును ముక్కలు చేశాను. అతను ఎంతో ఇష్టపడి తీసుకున్న వాచీ అది. ముక్కలు గాజు మీద పడుతుంటే రెప్ప వేయకుండా చూశాడు. నేను ఎదురుచూస్తున్నాను. రోజమ్మ ఎదురుచూస్తోంది.

"ఉంది," అన్నాడు మెల్లగా. "ఇంకా ఉందన్నా."

రోజమ్మ బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

తర్వాత దాసు రావడం మానేశాడు. కొన్నాళ్లకు రోజమ్మ ఒక్కతే వచ్చి, బీరువాలోని వాచీలన్నీ బల్ల మీద పెట్టింది.

"ఇంట్ల టిక్కుమని సప్పుడైతే ఆయన చెయ్యి పట్టుకొని కూసుంటుండు. గోడ గడియారం గూడ తీసేసిన. ఇవి నీకాడ ఉండనియ్యన్నా. ఏట్ల పారేద్దామనుకున్న, పానం ఒప్పలే."

"మందులు వేసుకుంటుండా చెల్లెమ్మా?"

"ఖమ్మం పోదాం రమ్మంటే రాడు. డాక్టరుకు వాచి గురించి ఏం ఎరుక అంటడు. నీకే ఎరుకంట."

ఆ మాట నన్ను పట్టుకుంది. వారం తిరక్కుండా వాళ్ల ఊరికి వెళ్లాను. దాసు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లతో, మొండి చేతికి ముందున్న గాలిలో ఏదో విప్పుతున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ రెండు పక్కల నుంచి నొక్కి, వదిలి, మళ్లీ నొక్కుతున్నాడు. చైను లాకు విప్పే పద్ధతి అదే. నేను రోజూ చేసే పని.

నన్ను చూసి ఆగాడు. "నా చేతికి వస్తలేదన్నా. నువ్వొకసారి చూడు."

పక్కన కూర్చున్నాను. అతను చూపించిన చోట, ఏమీ లేని చోట, నా రెండు వేళ్లు ఉంచాను. దుకాణంలో ఎలా నొక్కుతానో అలాగే జాగ్రత్తగా నొక్కాను.

"వచ్చిందా?"

అతను చాలాసేపు ఆలోచించాడు. నన్ను నొప్పించకూడదని ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు.

"రాలేదన్నా," అన్నాడు.

దాసు ఇప్పటికీ అలాగే ఉన్నాడు. తోట కౌలుకిచ్చారు. రోజమ్మ కూలికి పోతోంది. బతిమాలి ఇంకోసారి ఖమ్మం తీసుకెళ్లాం, మందు మార్చారు, మగత పెరిగింది.

ఈ పని నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఎక్కడ చెడిందో కనిపెడితే సగం పని అయినట్టేనని చెప్పేవాడు. అదే నమ్మి ఇన్నేళ్లూ బతికాను. చెడిన చోటును మనిషి వేలు పెట్టి చూపిస్తున్నా, మన వేలు ఆనడానికి అక్కడ ఏమీ ఉండని పని కూడా ఒకటి ఉంటుందని దాసు దగ్గర తెలిసింది. ఆ తెలివిడి నాకు దేనికీ పనికిరాలేదు. అతనికి అసలే పనికిరాలేదు. వాచీ తెచ్చి నా బల్ల ముందు కూర్చున్నవాళ్లతో ఇదివరకటిలా "అయిపోద్దిలే" అనడం మాత్రం మానేశాను.