పెయింట్ డబ్బాలో సన్నజాజి

హుఫూఫ్ నుంచి రియాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న కడప ఆయన ఒళ్లో పెయింట్ డబ్బా, అందులో సన్నజాజి తీగ ఉన్నాయి. లేబర్ క్యాంపు గోడకు పాకించి, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తూ ఏడేళ్లు పెంచాడట. పోయిన నెల క్యాంపు పడగొడుతుంటే తవ్వి తీశాడు.

నేను నర్సరీలో పనిచేస్తానని తెలిసి, “చూడన్నా, బతుకుతాదా?” అన్నాడు.

గోటితో కాండం గీకాను. లోపల ఎక్కడా పచ్చదనం లేదు.

“ఎండిపోయిందండీ” అన్నాను.

“నాకూ తెలుసు. ముందే రియాద్‌లో సులై పేటకి పోయిన మా క్యాంపోళ్లు రూము గోడకాడ గుంత తవ్వి పెట్టినారు. వాళ్లకెట్ల చెప్పేది?”

రియాద్‌లో ఆయన డబ్బాను రెండు చేతులా ఎత్తుకుని దిగిపోయాడు. మా నర్సరీలో వరుసలకొద్దీ సన్నజాజులున్నాయి. ఒకటి ఇస్తాననాలని అప్పుడు నాకు తోచలేదు.