ఢిల్లీ పన్నెండు గోర్ల దూరం

మా పెద్దబాపు పోయారన్న కబురు సోమవారం ఆసిఫాబాద్ బస్సులో నేను చదువుకుంటున్న కరీంనగర్ చేరింది. దారిలో టైరు పగిలి బస్సు ఆలస్యమైంది, కబురూ ఆలస్యమైంది. బతుకంతా ఆ దారిలోనే బస్సు నడిపిన మనిషి దీనికి కోప్పడేవారు కారు. ఏ టైరు అని మాత్రం అడిగేవారు.

ఆయన మా బాపుకు అన్న. మా ఇంట్లో ఆయన మాటే మాట. "ఎన్ని మైళ్లని అడుగకు బిడ్డా, ఏడేడ ఆగుతదో అడుగు" అనేవారు. పొద్దున్నే రేడియేటర్‌లో నీళ్లు పోసి, ఎద్దును నిమిరినట్టు బానెట్‌ను నిమిరేవారు.

కాన్వెంటులో ఆఖరి ఏడు నేను ఢిల్లీలో జరిగే వ్యాసరచన పోటీకి ఎంపికయ్యాను. గెలిస్తే కాలేజీ ఖర్చు వాళ్లదే. లేకపోతే నా చదువు అక్కడితో సరి. బేగంపేట నుంచి విమానం టికెట్టు కూడా వచ్చింది. అడ్డం ఒక్కటే: మా ఇంటి ఆడపిల్ల దీపాలు పెట్టే వేళకు దారిలో ఉండకూడదు.

పెద్దబాపు దేశపటం పరిచి బొటనవేలి గోరుతో కొలిచారు. ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్ ఒక గోరు. బేగంపేట నుంచి ఢిల్లీ పన్నెండు.

"ఒక్క గోరుకు నా బస్సుకు దినం వడ్తది. గిది పన్నెండు దినాలు. పంక్చరుకు ఇంకోటి ఏసుకో. గన్ని దినాలు పిల్లను గాలిల ఉంచుతరా?"

"నాలుగు గంటలే పెద్దబాపూ. నడుమ ఆగదు" అన్నాను, పటం వైపు చూస్తూ.

"ఆగదా? మరి డ్రైవర్ ఛాయ్ ఏడ తాగుతడు?"

ప్రయాణం లేదన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మర్నాడు ఆయన ఎవరికీ చెప్పకుండా బేగంపేట వెళ్లారు. అయిదో రోజు తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"నా కండ్లతోని సూసిన తమ్మీ" అన్నారు బాపుతో. "పొద్దుగాల ఢిల్లీ పోయిన విమానమే దీపాలు వెట్టక ముందు మల్ల వచ్చింది. తోక మీది నంబరు సూసిన, గదే బండి. నడుమ ఎవ్వలను ఎక్కించుకోదట. మేకలు సుత ఎక్కయ్. పంపుదాం."

"అన్నా, ఛాయ్ సంగతి తెలిసిందా?" అన్నాడు బాపు.

"ఓ పిల్ల లోపల్నే ఇస్తదట. ఇగ గా డ్రైవర్‌కు ఏం ఫికర్?"

నాకు ఒక్కటే షరతు పెట్టారు. "డ్రైవర్‌తోని ముచ్చట వెట్టకు." నేను ఎవరితోనూ ముచ్చట పెట్టనని ఊరంతటికీ తెలుసు. అయినా తల ఊపాను.

పోటీలో గెలిచాను. ఇది కాలేజీ గ్రంథాలయంలో కూర్చుని రాస్తున్నాను. ఆయన పేరు తలిస్తే మాత్రం నాకు ఢిల్లీ గుర్తు రాదు, బేగంపేట కంచె గుర్తొస్తుంది. విమానం కిటికీలోంచి చూస్తే ఖాకీ చొక్కాలో ఆయన కంచె దగ్గర నిలబడి ఉన్నారు. పంఖాలు తిరుగుతున్నాయి, విమానం కదలడం లేదు. ఆయన కాసేపు చూశారు. ఇక ఓపిక పట్టలేక కంచె ఇనుప స్తంభాన్ని అరచేత్తో రెండుసార్లు చరిచి, రైట్ అన్నట్టు చెయ్యి ఊపారు.

విమానం కదిలింది. ఆయన పక్కనున్న వాళ్లవైపు గర్వంగా తిరిగారు.