వెనక డబ్బాలో వాన

మా గోడ పక్క అవ్వ పోయింది. మొన్నామధ్య ఒక ఉదయం నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆమె కూతురు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "అక్కా, అమ్మ లేస్తలేదు" అంది. చేతిలో టిఫిన్ డబ్బాతోనే వెళ్లాను. అవ్వ నులక మంచం మీద మా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. డాక్టరు వచ్చి చెప్పేదాకా ఆమె ఏదో వింటోందనే అనుకున్నాను.

మేము భీమవరం వైపు వాళ్లం. ఉద్యోగాల కోసం వచ్చి మేడ్చల్‌లో ఒకే గోడ పంచుకునే రెండు చిన్న ఇళ్లలో ఒకటి కొనుక్కున్నాం. రెండోది అవ్వ కూతురిది. రావల్కోల్‌లో సేద్యం మానేశాక అవ్వ ఇక్కడికి వచ్చేసింది. కూతురు కొంపల్లిలో బట్టల షాపులో పని చేస్తుంది, పొద్దున పోతే మళ్లీ రాత్రికే రావడం. సాయంత్రాలు అవ్వ ఒక్కతే. పాములకీ చీకటికీ భయపడని మనిషి, చడీచప్పుడు లేని ఇంటికి మాత్రం భయపడేది. ఆ సంగతి నాకు వెంటనే అర్థం కాలేదు.

మేము వచ్చిన కొత్తలో ఒకరోజు అవ్వ పిట్టగోడ మీదుగా, "మీ ఇంట్ల సప్పుడు మస్తు ఇనవడ్తాంది బిడ్డా" అంది. మా వైపు ఆ మాటంటే టీవీ తగ్గించమని మర్యాదగా చెప్పినట్టు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం టీవీలో పెదవులు కదలడమే గానీ మాట బయటికి రానివ్వలేదు. తెల్లారేసరికి అవ్వ తలుపు కొట్టింది.

"ఏంది బిడ్డా, సప్పుడే లేకపాయె? పానాలు మంచిగున్నయా? రాత్రంత పరేషాన్ అయిన."

ఆవిడ ముందురోజు చేసింది ఫిర్యాదు కాదు, మెచ్చుకోలు. ఊరుగాని ఊళ్లో మా ఇంటి చప్పుడు కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారని తెలిసి ఎంత ధైర్యంగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత కొన్నాళ్లకు మా ఆయనకి హాల్లో సరౌండ్ సౌండ్ పెట్టాలన్న కోరిక పుట్టింది. తక్కువలో రావాలి, థియేటర్లా మోగాలి. ఫోన్లో వీడియోలు చూడ్డం, టేపుతో గది కొలవడం, నన్ను సోఫాలో కూర్చోబెట్టి నా చెవి ఎంత ఎత్తులో ఉందో చూడ్డం. పెళ్లికి కూడా ఆయన ఇన్ని సంబంధాలు చూసి ఉండరు. ఆఖరికి మేడ్చల్ బజార్లో ఒక షాపుకి వెళ్లాం. చెప్పులు కుట్టించుకోవాలని అవ్వ కూడా మాతో వచ్చింది.

షాపతను మా హాలు కొలతలు విని, "చిన్న హాలుకు సౌండ్ బారు చాలు సార్. ఒక్కటే పట్టీ, టీవీ కింద పెట్టుకుంటె అయిపాయె. గీ అయిదు స్పీకర్ డబ్బాలంటె వైర్ల పంచాయితీ" అన్నాడు. అయినా మా ఆయన మొహం చూసి జాలిపడి అయిదు డబ్బాలదీ మోగించాడు. మధ్య సోఫాలో కూర్చున్న అవ్వ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"ఎవరొచ్చిన్రు?"

అందరం నవ్వాం. కానీ మా ఆయన నా చెవిలో, "బారే తీసుకుందాం. వెనక డబ్బాలు అవ్వ గోడకే వస్తాయి. టీవీ వినపడటం వేరు, గోడకి స్పీకర్ కొట్టడం వేరు. పెద్దావిడని ఇబ్బంది పెట్టడమే" అన్నారు. అవ్వ చెవులు పాముచెవులు.

"గా గోడకే నా మంచమున్నది. కొట్టున్రి బిడ్డా. సప్పుడుంటె మనుషులున్నట్టు."

అలా బారు మానేసి, పేరూ ఊరూ లేని అయిదు డబ్బాల సెట్టు తెచ్చుకున్నాం. వెనక డబ్బాల్లో మాటలు రావని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. మాటలన్నీ ముందే ఉండిపోతాయి. గోడ దాటి అవ్వకి చేరేవి గాలి, గుర్రాల డెక్కలు, పిట్టల అరుపులు. ఒక సాయంత్రం సినిమా సగంలో ఉండగా అవ్వ వచ్చి మా వాకిట్లో నిలబడింది. చీర కొంగు నిండా ఎండు మిరపకాయలు.

"వానొచ్చిందని మిర్పకాయలు జల్దీ జల్దీ ఎత్తిన. బయటికొచ్చి సూస్తె మబ్బు తునక లేదు. గీ వాన మీ డబ్బాలకెల్లి వచ్చిందా?"

అవునన్నాను. ఆవిడ కోప్పడలేదు. "మంచిగ కొట్టింది వాన. మా చెల్క పొలం యాదికొచ్చింది" అంది. అప్పట్నుంచి మా టీవీలో వాన పడితే గోడ అవతల మిరపకాయల చేట లోపలికి ఈడ్చిన చప్పుడు వినపడేది. అబద్ధపు వానని తెలిసీ ఎందుకని అడిగితే, "నిజంది ఒక్కనాడు వస్తె?" అనేది.

పొద్దున్నే పిట్టగోడ దగ్గర నిలబడి, "రాత్రి గుర్రమేసుకొని పాయె, గాయన ఇల్లు చేరిండా?" అని అడిగేది. చేరాడనో, దారిలో చచ్చిపోయాడనో నేను చెప్పేదాన్ని. చచ్చిపోయాడంటే ఒప్పుకునేది కాదు. "లేదు, డెక్కల సప్పుడు దూరం దూరం పాయె. ఆయన పోయిండు గని సావలేదు" అనేది. రైలు కూసినా అంతే, అది మన మేడ్చల్ స్టేషన్లోదా సినిమాలోదా అని ఇద్దరం కాసేపు తర్కించుకునేవాళ్లం. నేను చూసిన సినిమాల కంటే ఆమె విన్నవే బాగుండేవని ఇప్పటికీ నా నమ్మకం.

దినాలు అయ్యేదాకా మేము టీవీ పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు. నిన్న సాయంత్రం, ఇంకా షాపుకి వెళ్లడం మొదలుపెట్టని కూతురు పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, సప్పుడు లేదేంది?" అంది. అచ్చం వాళ్లమ్మ గొంతే.

మా ఆయన లోపలికెళ్లి ఏదో సినిమా పెట్టారు. కథ నాకు ఎక్కలేదు. చాలాసేపటికి వెనక డబ్బాల్లోంచి వాన మొదలైంది. నా చెవి గోడ మీదే ఉంది. చేట ఈడ్చిన చప్పుడు రాలేదు. ఉండబట్టలేక బయటికి వెళ్లాను.

పిట్టగోడ అవతల, మబ్బు తునక లేని ఎండాకాలపు ఆకాశం కింద, ఆ పిల్ల అరచెయ్యి చాపి నిలబడి ఉంది.