విలన్ తరఫున నా వకాల్తా

నిండు సినిమా హాల్లో ఇంటర్వెల్ అయిపోయి, తెర మీద బొమ్మ పడ్డాక కూడా కూర్చోకుండా నిలబడి, వందల మంది చేత తిట్లు తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే ఇది చదవండి. చూసి ఉంటే దయచేసి క్షమించండి, ఆ మనిషిని నేనే. ఒకే ఒక్క ఉపన్యాసంతో సొంత అక్క మొగుడి సినిమా భవిష్యత్తును ఎలా నేలమట్టం చేశానో మీకిప్పుడు విన్నవించబోతున్నాను. మా ఉత్తరాంధ్రకు తుఫాన్లు పేర్లు పెట్టించుకుని మరీ వస్తాయి. ఆ ఏడాది ఒక తుఫాను భార్గవి అనే పేరుతో విజయనగరంలో తీరం దాటింది.

అప్పటికి నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. కాలేజీ వాదపోటీల జట్టుకు నాయకురాలిని. గెలుచుకున్న కప్పులు ఇంట్లో ఎంతగా పేరుకుపోయాయంటే, అమ్మ ఒకదానిలో చింతపండు, మరొకదానిలో ఎండుమిరపకాయలు పోసుకునేది. "పెరుగు పులిసిపోనాదే" అని ఆవిడ అంటే, "పులుపు అన్న పదానికి నీ నిర్వచనం ఏమిటమ్మా?" అని అడిగే స్థాయికి చేరుకున్నాను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని పెద్దలంటారు. ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోమని నన్నడిగితే, నేరుగా సెలూన్‌కు వెళ్ళి తల అప్పగించేదాన్ని.

మా అక్క సుజాత భర్త పేరు సన్యాసిరావు. తాతల నాటి బెల్లం వ్యాపారం. పగలంతా దుకాణంలో కూర్చుని, తక్కెడ మీద ఈగ వాలితే దాన్ని మర్యాదగా లేపి మళ్ళీ తూచే ధర్మాత్ముడు. చీకటి పడితే మొహానికి రంగు పూసుకుని, నాటకాల్లో ఆడవాళ్ళ జుట్టు పట్టి ఈడ్చే దుర్మార్గుడు. ఒకసారి పొందూరు దగ్గర ఏదో ఊళ్ళో నాటకం ఆడుతుంటే, ముందు వరుసలోని అవ్వ ఒకావిడ ఆగ్రహం పట్టలేక చెప్పు విసిరింది. బావ ఆ చెప్పును ఇంటికి తెచ్చి, దుకాణంలో తక్కెడకు ఎదురుగా మేకుకు తగిలించాడు. దాన్ని చూసినప్పుడల్లా నా గుండె తరుక్కుపోయేది. 'పాపం, జరిగిన అవమానాన్ని మరవకుండా కళ్ళెదుటే పెట్టుకున్న గాయపడ్డ కళాకారుడు!' అనుకునేదాన్ని. ఎందుకు తగిలించావు బావా అని ఒక్కసారి అడిగితే సరిపోయేది. ప్రపంచంలోని ప్రతి విషయాన్నీ ప్రశ్నించిన నేను ఆ ఒక్కదాన్నీ వదిలేశాను.

ఇలా ఉండగా, మన మట్టిలో పుట్టిన అతిమానవుడంటూ ఒక సినిమా తీస్తున్నవారు బావ నాటకం చూసి, ప్రతినాయకుడి వేషం ఇచ్చారు. కథ సరళమైనది. తుఫానులో కొట్టుకుపోయి బతికి బయటపడ్డ ఒక జాలరి యువకుడికి గాలిని గుప్పిట్లో పట్టే శక్తి వస్తుంది. అతడే గాలివీర. తీరంలోని గాలినంతా ఇనుప గొట్టాల్లో బంధించి, ఊపిరికి మీటరు పెట్టాలనుకునే శాస్త్రవేత్త డాక్టర్ నిర్వాత్. అతడే మా బెల్లం బావ.

విడుదల రోజు ఉదయం ఆటకు కుటుంబమంతా బయలుదేరాం. ఎవరూ గుర్తుపట్టకుండా బావ తలకూ మొహానికీ తువ్వాలు చుట్టుకున్నాడు. హాలు మెట్ల దగ్గర అక్క నన్ను పక్కకు లాగింది.

"ఒసే భార్గవీ, ఇయ్యాల సినిమావోల్ల మనిషొకాయన హాల్లోనే కూసుంతాడంట. మీ బావ తెర మీద కనపడితే జనం ఏటి సేస్తారో సూసి పైవోల్లకి సెప్తాడంట. దాన్నిబట్టే రెండో భాగంలో మీ బావని ఉంచాలా తీసీయాలా అని తేలుస్తారు."

"అంటే జనాభిప్రాయమే ప్రమాణం అన్నమాట!"

"ఆ పెమాణాలేటో నాకు తెల్దమ్మా. నువ్వు మాత్రం నోరు మూసుకుని సినిమా సూడు."

చదువరులారా, ఈ రెండో వాక్యాన్ని నేను పట్టించుకోలేదని మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు.

బొమ్మ మొదలైంది. హీరో వచ్చాడు, ఈలలు, కాగితం ముక్కలు. తరువాత నల్లకోటు, వెండి కళ్ళద్దాలతో బావ వచ్చాడు. మొదటి సన్నివేశంలోనే ఒక బాలింత గది కిటికీలు మూయించి, "గాలి కావాలా? బిల్లు కట్టు" అన్నాడు. హాలు భగ్గుమంది.

"థూ! నీ నోట్లో మన్నడిపోను!" అని మా ముందు వరుసలోని ఒక అవ్వ రెండు చేతులా మెటికలు విరిచింది.

"నీ మీసం తగలెట్టా! ఒరే వీరా, ఈడి పీక పిసికీరా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

నేను కలవరపడి బావ వైపు చూశాను. తువ్వాలులో మొహం దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. పక్కన అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. సాక్ష్యాధారాలు స్పష్టం. జనం మా బావను అసహ్యించుకుంటున్నారు, ఆయన కుమిలిపోతున్నాడు, ఆ సినిమా మనిషి ఎక్కడో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. రెండో భాగం చేజారిపోతోంది. ఇంత అన్యాయం కళ్ళెదుట జరుగుతుంటే వాదపోటీల నాయకురాలు సమోసా తింటూ కూర్చోవడమా?

ఇంటర్వెల్ దీపాలు వెలిగాయి. నేను చకచకా నడిచి తెర కింద అరుగెక్కి, గొంతు సవరించుకున్నాను.

"ప్రేక్షక మహాశయులారా!"

"ఏటిది, అడ్వటైజుమెంటా?" అన్నాడొక కుర్రాడు.

"పట్టుసీరల కొట్టోల్లేమోరా."

"ఒక మనిషిని తిట్టే ముందు అతని పక్షాన్ని వినడం నాగరిక సమాజపు కనీస ధర్మం!"

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడట, ఒక పెద్దాయన సమోసా పట్టుకుని నా ముందు ఆగాడు. "ఎవులమ్మా నువ్వు? ఎవుల తాలూకా?"

"నేను ఎవరి తాలూకా కాదండీ. న్యాయం తాలూకా."

"అయితే నాయంగా పక్కకి జరుగు. బాత్రూముకి దారది."

జరిగాను, కానీ ఆగలేదు. "ఈ చిత్రంలో మీరు ఈలలు వేసిన వీరుడు ఏం చేశాడు? వంతెన విరిచాడు. చేపల మార్కెట్టు కూల్చాడు. నిండు బస్సు కాకపోయినా, ఒక మంచి బస్సును ఎత్తి సముద్రంలోకి విసిరాడు. ఆ బస్సు ఎవరిది?"

"గవర్నమెంటుది," అన్నాడు పెద్దాయన.

"గవర్నమెంటు ఎవరిది?"

"మనదేనంతారు."

"అంటే మీ బస్సును సముద్రంలో పారేసినవాడికి మీరే ఈల వేశారు!"

ఆయన నమలడం ఆపేశాడు. "నిజమే కదేటి!" అని పక్కవాడి వైపు తిరిగాడు. నాకు నెత్తిన కిరీటం పెట్టినట్టయింది.

"ఇక రెండోది. డాక్టర్ నిర్వాత్ భార్యాబిడ్డలు తుఫానులో పోయారని అతడు ఒక్క మాట అన్నాడు. మీ తిట్ల హోరులో ఎవరైనా విన్నారా? మరొకరి ఇల్లు అలా కూలకూడదనే కదా అతడు గాలిని బంధించాడు!"

మెటికలు విరిచిన అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! పెల్లాం పిల్లలు పోనారేటి? నాను ఇన్నేదే అమ్మా!"

ఇక్కడితో నేను దిగిపోయి ఉంటే చరిత్ర మరోలా ఉండేది. కానీ వాదపోటీల్లో పెరిగిన ప్రాణికి మూడో కారణం చెప్పకుండా దిగడం, తాళి కట్టకుండా పెళ్ళిపందిరి దిగడం లాంటిది. దీపాలు ఆరిపోయాయి. తెర మీద బొమ్మ పడింది. సగం సముద్రం నా మొహం మీద, సగం నా వెనక. గాలివీర ఎగురుకుంటూ వచ్చి సరిగ్గా నా ముక్కు మీద వాలాడు.

"కూకో!" అని ఒక గొంతు.

"మూడవది మరియు ముఖ్యమైనది..."

"ఓలే గుంటా, కూకోమంటే ఇనపడదేటే!"

"అడ్డు తప్పుకోండి మేడం!"

"శక్తి ఉన్నవాడు ఎవరికి జవాబుదారీ? గాలివీరను ఎవరు ఎన్నుకున్నారు?"

"నిన్నెవులు ఎన్నుకున్నారే ముందు?" అన్నాడు ఆ జూట్ మిల్లు పెద్దాయనే. నిజం చెప్పాలంటే ఆ రోజు హాల్లో వినిపించిన అత్యుత్తమ ప్రశ్న అది. జవాబుకు నోరు తెరిచాను. పాప్‌కార్న్ వచ్చి పడింది, దాని వెనకే డబ్బా కూడా వచ్చింది. చివరికి అక్క వచ్చి, పొలంలో పడ్డ దూడను ఈడ్చుకుపోయినట్టు నన్ను ఈడ్చుకుపోయి సీట్లో పడేసింది.

అయినా గర్వంగానే కూర్చున్నాను. ఎందుకంటే ఫలితం కనిపిస్తోంది. రెండో సగంలో బావ తెర మీదకు వస్తే ఒక్క తిట్టు లేదు. ఊరంతటి గాలి ఆపేసినా, "మరి ఆడి బాద ఆడిది" అంటున్నారు. ఆఖరున గాలివీర కొట్టిన దెబ్బకు బావ సముద్రంలో పడిపోయాడు. శవం దొరకలేదు. సినిమాల్లో శవం దొరకలేదంటే రెండో భాగం ఉందని మన దేశంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అవ్వ మాత్రం భోరున ఏడ్చింది. "అయ్యో నాయనా! ఎంత మంచోడే తల్లీ!"

బయటకు రాగానే బావ తువ్వాలు విప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కృతజ్ఞతలు స్వీకరించడానికి నేను వినయంగా తల వంచాను.

"ఏటి సేసినావే భార్గవీ?" అన్నాడు నీరసంగా.

"నీ మీద అపవాదు తొలగించాను బావా! నువ్వు తువ్వాలులో ఏడవడం నేను చూశాను."

"ఏడుపేటే? సంతోసమే అది! తెర మీద అడుగెట్టీ పెట్టగానే అవ్వ మెటికలిరిసింది. ఇరవయ్యేల్లు రంగు పూసుకున్నాను, అలాటి తిట్టు నాకెప్పుడూ పడనేదు! ఇలను వేసగాడికి తిట్టే కదేటే సప్పట్లు!"

"మరి దుకాణంలో ఆ చెప్పు?"

"అది నాకొచ్చిన పతకమే, పిచ్చిమొకమా!"

అక్క అందుకుంది. "తిట్లు ఎంత గట్టిగా పడితే అంత గట్టిగా రెండో భాగంలో వేసం అని ఆ సినిమావోల్లు సెప్పినారే. నువ్వెల్లి మంచోడు మంచోడని సాటింపేసీసినావు. మంచి ఇలను ఎవులికి కావాలే? ఉప్పునేని ఊరగాయ!"

"అలా అని నువ్వు మెట్ల దగ్గరే నాకు చెప్పాల్సింది కదా!"

"నోరు మూసుకోమని సెప్పినానా నేదా?"

నోరు మూసుకోవడానికి కారణం ఏమిటని అడగబోయాను. అదే సమయంలో కళ్ళద్దాల మనిషి ఒకాయన, మెడలో సినిమా కంపెనీ కార్డు వేసుకుని, మా పక్కనుంచి వెళ్ళాడు. బావ వైపు కన్నెత్తి చూడలేదు. నన్ను మాత్రం పైనుంచి కిందకి, ఏదో కొత్త రకం పురుగును చూసినట్టు చూసి, ఫోనులో ఏదో చెప్పుకుంటూ పోయాడు. బావ మొహం పాకంలో వేసిన కాకరకాయలా వాడిపోయింది.

ఆ తరువాతి రోజులు వర్ణనాతీతం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి పుణ్యాన ఊరు మరీ మంచిదైపోయింది. బెల్లానికి వచ్చినవారంతా బావను ఓదార్చేవారు. "బాబూ, నీ మనసు మాకు తెలిసింది. ఆ గాలివీరగాడే బస్సు పారేసినాడు," అని ఒకరు. "పెల్లాం పిల్లలు పోయినోడివి, ఒంటరిగా ఏటి తింతన్నావో" అని మరొకావిడ ఏకంగా అక్క ఎదుటే క్యారేజీ తెచ్చి ఇచ్చింది. అక్క ఆ క్యారేజీ వైపు, తరువాత నా వైపు చూసిన చూపును ఏ నిఘంటువూ వివరించలేదు. బావ నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది. కానీ ఆయనకు తిట్టు ఎంత విలువైనదంటే, నాకివ్వడానికి కూడా మనసొప్పలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మేమంతా దుకాణంలో ఉండగా బావ ఫోను మోగింది. సినిమా కంపెనీ. "తీసీసినామని సెప్పీడానికే సేసుంతారు," అంటూ బావ అందరూ వినేలా స్పీకరు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"సన్యాసిరావు గారూ, మా మనిషి ఊరూరా తిరిగి చూశాడండీ. కానీ మీ విజయనగరంలో చూసినంత ద్వేషం ఎక్కడా చూడలేదట!"

బావ కళ్ళు తెరిచాడు. "నా మీదేనాండీ?"

"మీ మీద కాదండీ. మిమ్మల్ని చూసి జనం ఏడ్చారట. ఇంటర్వెల్లో ఒకమ్మాయి తెరకు అడ్డంగా నిలబడి ఉపన్యాసం ఇచ్చిందట కదా, ఆవిడ మీద! హాలంతా ఒక్కటై లేచిందట. మా డైరెక్టరు గారు అది విని రాత్రికి రాత్రి కథ మార్చేశారు. రెండో భాగంలో మీరు సముద్రంలోంచి తేలి వస్తారు. ఈసారి ఆయుధాలేవీ ఉండవు. గొట్టాల్లేవు, మీటర్లేవు. జనాన్ని పట్టుకుని, కదలనివ్వకుండా, కారణాలు చెబుతూనే ఉంటారు. అంతకంటే ఘోరమైన విలన్ మన దేశంలో ఇంతవరకు రాలేదండీ! ఒక్కటే అడుగుతున్నాం. ఆ అమ్మాయి ఎవరో తెలిస్తే, షూటింగు లోపు దగ్గరుండి గమనించగలరా?"

బావ ఫోను తక్కెడ పక్కన పెట్టేశాడు. తరువాత లేచి, బెల్లం బుట్ట మీద దుమ్ము దులిపి నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా తాను నేల మీద మఠం వేసుకుని చేతులు కట్టుకున్నాడు.

"మొదలెట్టమ్మా."

"దేని గురించి బావా?"

"దేని గురించైతే ఏటి? నువ్వు మాటాడితే సాలు."

నేను బెల్లం ధరల నియంత్రణకు అనుకూలంగా మొదలుపెట్టాను. రెండో కారణం దగ్గరకు వచ్చేసరికి బావ పిడికిళ్ళు బిగుసుకున్నాయి. మొహం ఎర్రబడింది. పళ్ళు పటపటమన్నాయి.

"ఆపనా బావా?"

"వొద్దొద్దు, ఆపకు! ఒల్లు మండిపోతన్నాది! అబ్బ, ఎంత బాగున్నాదో!"

కనుక ఇందుమూలంగా సకల ప్రేక్షకలోకానికి తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఏ హాల్లోనూ తెరకూ జనానికీ మధ్య నేను నిలబడను. ఏ దుర్మార్గుడి పక్షానా అడగకుండా వకాల్తా పుచ్చుకోను. రెండో భాగం విడుదలైన నాడు, హాలంతా ఆ తెర మీది వాగుడుకాయను దుమ్మెత్తి పోస్తుంటే, "ఆగండి, అతని వాదనలో పస ఉంది!" అని నాలుక చివరిదాకా వచ్చినా సరే, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంటానని, నా కప్పుల్లోని చింతపండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అందుకు కారణాలు మూడు. కానీ అవి చెప్పను.