తొక్కినా బతికే గడ్డి

ఈ ఉదయం పక్కింటాయన తన లాన్‌కు మందు కొడుతుంటే ఆ ఘాటు మా వంటింటి దాకా వచ్చింది. కిటికీ మూస్తూ నవ్వుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, నంద్యాలలో టీచరుగా నా మొదటి ఉద్యోగం, అక్కడి హెడ్మిస్ట్రెస్ మెహరున్నీసా మేడమ్ గుర్తొస్తారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం మిద్దె మీది తరగతులకూ వినిపించేది.

ఆ బడి ముందు కరస్పాండెంట్ గారు ముచ్చటపడి వేయించిన లాన్ ఉండేది. దానికి ఎరువులు, పురుగుమందు, కలుపుమందు, రెండుపూటలా నీళ్లు. అన్ని మర్యాదలూ దానికే. పిల్లలు మాత్రం అన్నం డబ్బాలతో వరండా మెట్ల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు. చేరిన కొత్తలో, మెప్పు పొందుదామని, "లాన్ ఎంత బాగుంది మేడమ్!" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు.

"బాగుండేదేందమ్మా? తొక్కితే చచ్చేదాన్ని బళ్లో పెట్టుకుని ఏం చేస్తాం? పిల్లోల్లు యాడ కుచ్చోవల్ల?"

వేసవి సెలవుల ముందు ఆమె కరస్పాండెంట్ గారితో పోట్లాడి ఒక మాట తీసుకున్నారు. లాన్ తీసేసి, మందుల్లేకుండా, నీళ్లు అంతంతమాత్రంగా పోసి, బడి తెరిచేనాటికి ఆ జాగాను పచ్చగా చూపించాలి. లేదంటే మళ్లీ లానే, చుట్టూ కంచెతో సహా. మేమిద్దరం పొలంగట్ల నుంచి గరిక తెచ్చి నాటాం. ఎండ బాగా మాడ్చే అంచుల్లో నాచుపూలు, గంగపాయలాకు వేశాం. నంద్యాల ఎండకు మనుషులే వాడిపోతుంటే ఇవేం బతుకుతాయని నాకు ఒకటే దిగులు. మేడమ్ నెత్తిన కొంగు కప్పుకుని, "మొగం అట్ల పెట్టగాకమ్మా, అవి చూసి భయపడతాయి" అనేవారు.

తొలకరి పడింది. గరిక చిక్కగా అల్లుకుంది. కానీ బడి తెరిచిన రోజు అన్నం బెల్లు వేళ కరస్పాండెంట్ గారు కారు దిగుతూనే మొహం చిట్లించారు.

"ఏందీ మేడమ్, కలుపు పెంచుతాండారు? రేపే పీకించేస్తా."

మేడమ్ నోరు తెరిచేలోపే, ఆయనతో పాటు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన వాళ్లమ్మ చెప్పులు విడిచి నేరుగా గరికలోకి నడిచింది. చతికిలబడి గంగపాయలాకు గిల్లి ఒళ్లో వేసుకోసాగింది. పాపం, బళ్లో ఆకుకూరల మడి వేశారనుకుంది!

"రేయ్, ఇంత లేతాకు మన సంతలో గూడా దొరకదు. పప్పులోకి ఎంత బాగుంటాదో! ఎవురు పెంచినారు?"

"మా, దాన్ని పీకించేద్దామనుకుంటాండా..."

"తిక్కగాని పట్టిందా నీకు? ఈడ మెత్తగుండాది, వచ్చి కుచ్చో."

ఆయన తన ఇస్త్రీ ప్యాంటు వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, కూర్చున్నారు. ఇక పిల్లలు ఎవరినీ అడగలేదు. డబ్బాలతో పరుగెత్తుకొచ్చి గరిక నిండా పరుచుకున్నారు. మేడమ్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇప్పుడు ఆళ్లగడ్డలో నేనే ఒక బడికి హెడ్మిస్ట్రెస్‌ని. పిల్లల్ని చేర్పించడానికి వచ్చినవాళ్లు ముందున్న గరికలో అరిగిపోయి మట్టి తేలినచోటు చూపించి, "ఈడేందమ్మా, గడ్డి పోయిండాది?" అని అడుగుతుంటారు. అది మూడో తరగతి వాళ్లు కూర్చునే చోటని గర్వంగా చెప్తాను.